కొరకని వేర్లు

పరిశోధన కేంద్రంలో మొక్కజొన్న వేర్లు కడిగి, పురుగు ఎంత కొరికిందో చెప్పడం అక్క పని. ఏ కట్ట ఏ సాలుదో తెలిస్తే చూపు మారుతుందని చివరిదాకా అడగదు. ఈసారి ఇప్పటిదాకా కడిగినవన్నీ ఒక్క గాటూ లేకుండా తెల్లగానే వచ్చాయి.

"సాలుకొకటిగా నేలలో వేసిన మందులన్నీ భేషుగ్గా పనిచేశాయి! నా చేనుకి ఏది కొనమంటావక్కా?" అన్నాడు తమ్ముడు.

"మందెయ్యని సాలు కూడా ఒకటుందిరా. అదీ బాగుంటే అసలు పురుగే లేదని అర్థం. ఇక మందుల గురించి ఏం చెప్పను?"

"పురుగు రాలేదని బెంగపడే మనిషిని నిన్నే చూశాను!"

అక్క ఆఖరి కట్టను గొట్టం కింద పెట్టింది. మట్టి కరిగిపోయాక మొండి వేర్లు బయటపడ్డాయి.

"కొరికిందిరా!" అంది సంబరంగా. "ఏ సాలు?"

తమ్ముడు చీటీ చదివాడు. "మందెయ్యనిదే."

"అయితే అన్నీ పనిచేసినట్టే. చవకది కొనుక్కో."