జహీరాబాద్‌లో హాఫ్ బ్యాక్ దేవదానం

మా బడి లెక్కల మాస్టారు కోహీర్‌లోని అత్తవారింటికి వెళ్లివచ్చి చెప్పిన ఒక్క మాటతో ఈ ప్రయాణం మొదలైంది.

"జహీరాబాద్‌ల ఫుట్‌బాల్ మ్యాచ్ జూసిన సార్. విజిల్ వట్టుకొని ఉరుకుతున్నాయన మన దేవదానమే."

దేవదానం పేరు వినక నాకు ఐదారేళ్లయింది. హైదరాబాద్‌లో ఆయనంత మంచి హాఫ్ బ్యాక్ లేడనేవాళ్లు. వెనకవాళ్ల దగ్గర బంతి అందుకుని ముందువాళ్లకు అందించడం హాఫ్ బ్యాక్ పని. గోలు కొట్టినవాడి పేరు పేపర్లో పడుతుంది. అయినా మేము టిక్కెట్టు కొన్నది దేవదానం కోసమే. కలకత్తాలో రెండేళ్లు జీతానికి ఆడి తిరిగొచ్చాడు. వచ్చిన ఏడాదే ఒక ఫైనల్లో అమ్ముడుపోయాడన్నారు. మరుసటి సీజను నడుమనే మాయమయ్యాడు. అసలేం జరిగిందో తెలుసుకోవాలనిపించింది. వెళ్లడానికి ఇంకో కారణం కూడా ఉంది, అది తర్వాత చెబుతాను.

అరవై నాలుగు జనవరిలో ఒక శనివారం, పావు తక్కువ ఏడింటికి నాంపల్లిలో ప్యాసింజరెక్కాను. మూడో తరగతిలో కిటికీ పక్కన చోటు దొరికింది. తొమ్మిదిన్నరకు వికారాబాద్. బీదర్ వైపు బండి అక్కడ మారాలి. వెళ్లదలచినవారు అక్కడే ఇడ్లీలు తినేయడం మంచిది, తర్వాతి స్టేషన్లలో జామకాయలు తప్ప ఏమీ దొరకవు.

మర్పల్లిలో ఒక అల్లం రైతు రెండు గోనెసంచులతో ఎక్కి నా కాళ్ల దగ్గర సర్దుకున్నాడు. ఎవరింటికని అడిగితే చెప్పాను.

"దవాఖాన దేవదానమా? మా వాని కాలు పుండువడితె ఇరవై దినాలు పట్టీ కట్టిండు. నొప్పి తెల్వకుండ కడ్తడు."

"ఆయన పెద్ద ఆటగాడని తెలుసా?"

"ఏం ఆట?" అన్నాడు రైతు. కోహీర్‌లో దిగుతూ ఒక అల్లంకొమ్ము నా చేతిలో పెట్టిపోయాడు.

జహీరాబాద్ చేరేసరికి పన్నెండున్నర. స్టేషన్ బయట చెరకు బండ్లు వరసగా నిలబడి ఉన్నాయి, గాలంతా బెల్లం వాసన. ఎదురుగా హోటల్ మేడ మీద ఒక గది తీసుకున్నాను. జొన్నరొట్టె, పప్పు తిని, దారి అడుగుతూ మిషన్ దవాఖానకు నడిచాను.

దేవదానం అక్కడ గాయాలకు కట్లు కట్టే డ్రెస్సర్. నలభై దాటి ఉండవు. కణతల దగ్గర నెరిసింది కానీ నడకలో పాత తేలిక పోలేదు. నేను హైదరాబాద్ నుంచి వచ్చానని, ఆయన ఆట చూసినవాణ్ణని చెప్పాను.

"డ్యూటీ రెండింటికి అయిపోతది. ఇంటికి పోదాం, సార్."

ఇల్లు దవాఖాన వెనకే, రెండు గదులు. ఆయన భార్య సుందరమ్మ చేటలో బియ్యం ఏరుతున్నదల్లా లేచి మాకు చాయ్ పెట్టి, మళ్లీ వచ్చి చేట ముందు కూర్చుంది. రాయికోడ్ దగ్గర పల్లెలో పుట్టానని, మిషన్ బడిలో పాదిరిగారు బంతి ఆడడం నేర్పారని, బూట్లు తొడిగిన మొదటి వారం కాళ్లు తనవి కానట్టుండేవని దేవదానం చెప్పాడు. కలకత్తా వాన, బురద మైదానాలు, చేపల కూర గురించి నవ్వుతూ చెప్పాడు. ఫైనల్ దగ్గరికి వచ్చేసరికి ఆగాడు.

ఇక నేను దాచలేకపోయాను. "ఆ రోజు నేనూ గ్యాలరీలో ఉన్నాను. అమ్ముడుపోయాడని అరిచినవాళ్లలో నేనూ ఒకణ్ణి."

సుందరమ్మ చేతులు చేటలో ఆగిపోయాయి.

"ఎటు దిక్కు కూసున్నరు?" అన్నాడాయన.

"గేటు దిక్కు."

"ఆ దిక్కుకెల్లే జర ఎక్కువ ఇనవడ్డది." ఆయన గొంతులో కోపం లేదు. "ఇంక అయిదు నిమిషాలుండె. మీదికెల్లి వచ్చిన బాల్ గీడ తాకింది." మణికట్టు పైన చూపించాడు. "కాళ్ల ముందల వడ్డది. అలవాటు జొప్పున ముందలికి ఇచ్చిన. మావోడు గోల్ కొట్టిండు. రెఫరీకి కనవడలే, గని అనుమానమొచ్చింది. నా దగ్గరికి వచ్చి తాకిందా అని అడిగిండు. అడిగినంక లేదని ఎట్ల అంట?"

గోలు రద్దయింది. ఎక్స్‌ట్రా టైములో అవతలివాళ్లు కొట్టారు. మాకు గ్యాలరీలో కనబడింది మాత్రం, దేవదానం రెఫరీతో మాట్లాడటం, మా గోలు పోవడం, అంతే.

"అరిసినోళ్ల మీద నాకేం లేదు సార్. అసలు బాధ అటెన్క సీజన్ల. మావోళ్లు నన్ను తిట్టలే, కొట్టలే. పక్కన కూసోనే తిన్నరు. గ్రౌండ్ల మాత్రం బాల్ ఇచ్చుడు బంద్ వెట్టిన్రు. హాఫ్ బ్యాక్‌కు బాల్ ఇయ్యకుంటె వాడు ఉన్నట్టా, లేనట్టా? నాలుగు మ్యాచులు అవతలోళ్ల కాళ్లకెల్లి గుంజుకొని ఆడిన. అయిదో మ్యాచ్‌ల హాఫ్ టైమ్‌కు బూట్లు ఇడిసిన."

"పెండ్లయి ఆరేండ్లాయె. నాకు గీ ముచ్చట ఎన్నడు చెప్పలే," అంది సుందరమ్మ మెల్లగా. మళ్లీ తనే అడిగింది. "ఆ అయిదో మ్యాచ్ గెలిచిన్రా?"

"గెలిచిన్రు. నా జాగల ఆడినోడు మంచిగనే ఆడిండు."

ఆమె చేట పక్కన పెట్టి లోపలికి వెళ్లింది. ఎంతసేపటికీ రాలేదు. దేవదానం లేచి లోపలికి వెళ్లాడు. ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు. ఆమె బయటికి వచ్చి, "రాత్రి ఈడనే తినాలె సార్," అంది.

సాయంత్రం అయిదింటికి రైలుకట్ట పక్కన కోసేసిన జొన్నచేనులో ఆట. దవాఖానవాళ్లు ఒక దిక్కు, లారీ డ్రైవర్లు, క్లీనర్లు ఒక దిక్కు. రోజూ విజిల్ ఊదే దేవదానం ఆ రోజు విజిల్ కాంపౌండర్‌కిచ్చి తానే దిగాడు. ఉరకలేదు. బంతి రాకముందే తల తిప్పి ఎవరెక్కడున్నారో చూసుకునేవాడు. బంతి వచ్చేది, ఒక్క తాకుతో పోయేది. ఆ సాయంత్రం అందరూ ఆయనకే ఇచ్చారు. జొన్నకొయ్యలు గుచ్చుకుంటున్నా సుందరమ్మ చివరిదాకా చేను అంచున నిలబడే చూసింది.

ఆదివారం పొద్దున ఎనిమిదింటి బస్సుకు తిరుగు ప్రయాణమయ్యాను. దేవదానం స్టాండుకు వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఏమైనా అంటాడేమోనని చూశాను. "సదాశివపేటల చాయ్ మంచిగుంటది, తాగున్రి," అన్నాడు.

సదాశివపేటలో నిజంగానే చాయ్ బాగుంది. అక్కడ నా పక్కన కూర్చున్న బట్టల వ్యాపారి మాటల్లో ఎవరి దగ్గరికి వెళ్లానని అడిగాడు.

"దేవదానమా? పైసలు దిని మ్యాచ్ ఓడగొట్టినోడు గదా?"

సంగారెడ్డి దాటేదాకా ఉన్నదంతా చెప్పాను. ఆయన శ్రద్ధగానే విన్నాడు. చివరికి, "రెఫరీ అడిగితె నిజం చెప్పేటోడు ఉంటడా సార్?" అన్నాడు.

"ఉన్నాడు. నిన్న వాళ్లింట్లో తిన్నాను."

ఆయన పటాన్‌చెరులో దిగబోతూ వెనక్కి తిరిగి, జహీరాబాద్‌లో దవాఖాన ఏ దిక్కున ఉంటుందని అడిగాడు. చెప్పాను.