మూతి సన్నని కూజా

ఇంగ్లండులో మా లాంకషైర్ ఊళ్లో యాభై దాటిన వాళ్లలో సగంమందికి హెర్బర్ట్ ఎంట్విసిల్ గారంటే ఒళ్లుమంట. ముప్పై ఒక్క ఏళ్లు డ్రైవింగ్ పరీక్షలు పెట్టిన మనిషి. ఆయన ఫెయిల్ చేయని కుటుంబం లేదు. పక్కసీట్లో అట్ట పట్టుకుని కూర్చుని, "ఎడమకు తిప్పండి", "ఇక్కడ ఆపండి" తప్ప ఇంకోమాట అనేవారు కాదు. మనం తప్పు చేస్తే మాత్రం ముక్కుతో చిన్నగా గాలి వదిలేవారు. అది వినగానే నాకు క్లచ్ ఏ కాలికిందుందో మరుపొచ్చేది.

రిటైరయ్యాక ఆయన మా చెక్కపని క్లబ్బులో చేరారు. మంగళవారాలు చాపెల్ అనే చిన్న చర్చి వెనకగదిలో, చెక్కను గిర్రున తిప్పే లేత్ మీద గిన్నెలూ పళ్లేలూ చేసుకుంటాం. ముందు గిన్నె చేయమన్నాం.

"గిన్నె ఎవరైనా చేస్తారు. నేను కూజా చేస్తాను. మూతి సన్నగా, పొట్ట గుండ్రంగా," అన్నారాయన.

దానికి కొస వంగిన పొడుగు ఉలి కావాలి. వేలు పట్టేంత రంధ్రంలోంచి దూర్చి, తిరిగే దుంగ కడుపుని కంటికి కనపడకుండానే తొలవాలి. ఆ విద్య మాలో బెరిల్ క్లెగ్‌ ఒక్కదానికే వచ్చు. ఆవిడ డ్రైవింగ్ పరీక్షలో ఐదుసార్లు ఫెయిలయింది, ఐదుసార్లూ ఈయన చేతిలోనే. నాలుగోసారి "అనవసరంగా తటపటాయిస్తారు" అని రాశారు. ఆ ఏడంతా ఆసుపత్రిలో ఉన్న తల్లిని చూడ్డానికి రెండు బస్సులు మారి వెళ్లింది.

"మనం ఇదివరకు కలిశామా?" అన్నారాయన ఆవిడతో.

"కలిశాం లెండి. మీరు నన్ను చూడలేదు, నేను అద్దం చూస్తున్నానా లేదా అని చూస్తున్నారు."

ఆయనకు అప్పటికీ వెలగలేదు.

"ఉలి వంకర భాగాన్ని ఈ ఆనుడు కడ్డీ మీద పెట్టకండి," అని నేర్పింది బెరిల్. "తిన్నగా ఉన్న కాడే ఆనాలి. లేకపోతే చేతిలో మెలి తిరుగుతుంది."

"అర్థమైంది," అని ఆయన శుభ్రంగా వంకరే ఆనించారు. ఉలి చెక్కలో పట్టేసింది. దుంగ ఊడి గది దాటి వెళ్లి బిస్కెట్ల డబ్బాను పడగొట్టింది. లోపం ఉలిదని తేల్చి, మరుసటి వారం మూడు కొత్త ఉలులు తెచ్చారు. మూడింటితోనూ అదే నిర్వాకం.

నాలుగోవారం బెరిల్ ఆయన పక్కన నిలబడింది. "కళ్లు మూసుకుని వినండి. గోడ మందంగా ఉంటే చప్పుడు బొంగురుగా వస్తుంది, పల్చబడితే కీచుమంటుంది. కాస్త కోయండి, ఆపండి, పొట్టు తీసేయండి. మళ్లీ కాస్త."

"ఇంత తటపటాయింపు దేనికండీ?"

గదిలో మేమంతా చేతిలో పని ఆపేశాం. బెరిల్ టీకప్పు కింద పెట్టింది.

"లోపల ఏముందో మీకు కనపడదు గనక. ఎనభై ఒకటి అక్టోబర్లో, మార్కెట్ ముందు ఆగిన బస్సు అవతల ఏముందో నాకూ కనపడలేదు. అందుకే ఆగాను. మీరు ఫెయిల్ చేశారు."

ఆయన ముక్కుతో గాలి వదలబోయి మానుకున్నారు.

"ఎవరైనా ఉన్నారా, అవతల?"

"ముసలాయన. కుక్కతో."

క్షమించమంటారేమోనని మేం చెవులు రిక్కించాం. అలాంటిదేమీ రాలేదు. ఆయన లేత్ తిప్పి, కళ్లు మూసుకుని, కాస్త కోసి ఆపారు. పొట్టు తీశారు. మళ్లీ కాస్త. గంటన్నర పాటు అదే పని. ఆయన పక్కన అంతసేపు ఎవరికీ చెమట్లు పట్టకపోవడం ఊరి చరిత్రలో అదే మొదలు.

ఈస్టర్‌కి కూజా పూర్తయింది. ఒక పక్క గోడ బొటనవేలంత మందం, ఇంకోపక్క గోరంత. ఎత్తితే ఇటుక బరువు. ఇంట్లో ఆయన భార్య ఎడ్నా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "హెర్బర్ట్, ఇంత సన్నటి మూతిలో పువ్వు పెడితే నీళ్లెక్కడ పోయను?" అంది.

"ఇది చూడ్డానికి," అన్నారాయన గంభీరంగా.

ఆవిడ రెండురోజులు చూసి, దాన్ని వంటింటి తలుపుకి అడ్డం పెట్టింది. ఎంత గాలి వచ్చినా తలుపు కదలడం లేదట.