ఒక్క అక్షరం తప్పు

గోదావరిఖనిలో ఒక చిన్న వైద్య పరీక్షల ల్యాబులో కంప్యూటర్లు చూసుకుంటాను. మొన్న ఎండాకాలం, యూపీఎస్ బ్యాటరీ తగ్గితే వివరాలన్నీ సేవ్ చేసుకుని తనంతట తానే ఆగిపోయేలా లినక్స్ కంప్యూటర్‌లో సెట్టింగులు రాశాను. ప్లగ్గు పీకి పరీక్షించడానికి బద్ధకించి, ల్యాబు నడిపే మేడంతో "అంతా ఓకే" అనేశాను.

ఆ రోజు మధ్యాహ్నమే కరెంటు పోయింది. బొగ్గుబావిలో చేసి రిటైరైన రాజయ్య కాక అప్పుడే దగ్గుతూ దగ్గుతూ ఊపిరితిత్తుల పరీక్ష గొట్టంలోకి ఊది కూర్చున్నాడు. కాసేపటికి బ్యాటరీ అయిపోయి కంప్యూటర్ ఠక్కున ఆరిపోయింది. ఆయన రీడింగులన్నీ పోయాయి. కరెంటొచ్చాక చూస్తే, సెట్టింగుల్లో యూపీఎస్ పేరులో ఒక అక్షరం తప్పు రాశాను. అందుకే బ్యాటరీ తగ్గిన సంగతి కంప్యూటర్‌కి తెలియనే లేదు.

"మల్ల ఊదాల్నా బిడ్డా?" అన్నాడు కాక.

ఊదాడు. ఆయాసంతో కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అయినా నా ముఖం చూసి, "నువ్వు ఫికర్ జెయ్యకు. కరెంటు పోతే నువ్వేం జేస్తవ్?" అన్నాడు.

తప్పు నాదని తెలిసి కూడా, అవునన్నట్టు తలూపాను. ఆ తలూపడమే ఇప్పటికీ నన్ను తినేస్తోంది.