పన్నెండో మాట

ఐదేళ్లు మోశాను. ఈ పొద్దున సగం దించాను, మిగతా సగం మీ దగ్గర దించుకుంటాను. మీరెవరో తెలియదు కాబట్టి సిగ్గు కాస్త తక్కువ.

విడవలూరులో నాకు ఇంటర్నెట్ షాపు ఉంది. బట్టలు కుట్టే సలోమి అక్క ఒకరోజు ఫోను తెచ్చింది. చనిపోయిన భర్త చర్చిలో పాడిన పాటలన్నీ అందులో ఉన్నాయి. ఫోను నిండిపోయింది, పాటలు భద్రంగా దాచి ఖాళీ చేయమంది. నేను అప్పుడే బ్లాక్‌చెయిన్ నిల్వ గురించి నేర్చుకున్నాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు కదా. పాటలకు తాళం వేసి, ముక్కలు చేసి, ఎక్కడెక్కడి కంప్యూటర్లలోనో దాస్తారనీ, ఏ ముక్క ఎక్కడుందో రాసిన పద్దును ఎవరూ దిద్దలేరనీ, తుపానుకు ఊరు మునిగినా పాటలు మునగవనీ చెప్పాను. తాళంచెవి పన్నెండు ఇంగ్లీషు మాటలు. తెర మీద చూసి కాగితం మీద రాస్తుంటే ఎవరో ఆధార్ ప్రింటుకు వచ్చారు. వాళ్లను పంపి, మిగతావి రాసిచ్చాను. ఫోన్లో పాటలు తుడిచేశాను.

ఏడాది తర్వాత, భర్త జ్ఞాపకార్థ కూడికలో వినిపించాలని అక్క ఆ కాగితం తెచ్చింది. చూడగానే తెలిసింది. పదకొండే ఉన్నాయి. కాగితం కింది అంచు చెమ్మకు కాస్త అలుక్కుపోయి ఉంది, కానీ అక్కడ నేను రాసిందేమీ లేదు.

"తడిపినావా అక్కా? చివరి మాట చెరిగిపోయింది. ఇంక తెరుచుకోదు."

"బైబిల్లోనే పెట్టినాను గదా తమ్ముడా. నా చేతులారా నేనే పోగొట్టుకున్నానా?"

"అంతే అక్కా."

ఒక మాట రాయకపోవడం పొరపాటు. ఆ "అంతే" పొరపాటా? కాదు. షాపు పేరు పోతుందన్న భయం.

రెండు నెలలకు ఇంకోటి తెలిసింది. ఒక్క మాటే తప్పిపోతే, ఉండగల మాటలన్నీ వరసగా పెట్టి చూసి కనిపెట్టవచ్చట. అప్పుడైనా చెప్పొచ్చు. చెబితే మొదటి అబద్ధం బయటపడుతుందని, ఇవాళ కాదు రేపని, నాకు నేనే సర్దిచెప్పుకుంటూ ఇన్నేళ్లు గడిపాను. కనిపించినప్పుడల్లా ఆమె "నిన్ను గూడా శ్రమ పెట్టినాను తమ్ముడా" అనేది. చచ్చిపోయేవాణ్ణి.

ఈ పొద్దున వెళ్లి అంతా చెప్పేశాను. అక్క మిషను ఆపి విన్నది. లేచి బైబిల్లోంచి కాగితం తెచ్చింది. పనికిరాదని నేనన్నా పారేయలేదు.

"లెక్కపెట్టు" అంది.

పైకే లెక్కపెట్టాను. పదకొండు.

క్షమించానని అనలేదు. కూర్చోమని అనలేదు. ఆ పాటల ముక్కలు ఇంకా ఉన్నాయో లేదో, మాట దొరుకుతుందో లేదో నాకు తెలియదు. కాగితం తెచ్చుకున్నాను, వెతకడం మొదలుపెట్టాను. కానీ తడిపింది నువ్వు కాదక్కా, రాయనిది నేను అని ఆమె ముందు అనేశాను. మధ్యాహ్నం కడుపునిండా అన్నం తిన్నాను.