చిలపకు రెండో కొస

మా నాన్న నూలుకు రంగులు వేసేవాడు. చీరాల పక్కన మా ఇంట్లో అక్కా నేనూ ఉల్లిపొట్టు ఉడుకుతున్న వాసనకే నిద్ర లేచేవాళ్ళం. కాగులోంచి తీసిన చిలపను, అంటే దండలా చుట్టిన నూలును, పిండడం మా ఇద్దరి పని. చెరో కొసలో చెరో కర్ర దూర్చి, ఎదురెదురుగా నిలబడి మెలితిప్పాలి. ఒక మెలి అయ్యాక నాన్న "జరుపు" అనేవాడు. ఇద్దరం కర్ర మీద నూలును జానెడు జరిపి మళ్ళీ తిప్పేవాళ్ళం. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. ఆ పనంటే నాకు చిన్నచూపు. నర్సు ఉద్యోగం రాగానే చేతుల రంగు వదిలించుకుని దుబాయ్ వచ్చేశాను.

విమానాలు ఆగిపోయిన 2020 వేసవిలో నాన్న పోయాడు. అక్క ఫోను ఎత్తి పట్టుకుంటే చివరిచూపు చూశాను. దినం నాడు నేను ఫోన్ చేస్తే, "చూశావుగా ఫోన్లో. ఇంకేం కావాలి?" అని పెట్టేసింది. నేనేం తక్కువ తిన్నానా, నేనూ మొండికేశాను. కొన్నాళ్ళకు నా మొండితనం కరిగింది, ఆవిడది కరగలేదు. ఎన్నిసార్లు చేసినా ఎత్తదు. క్షమించమని మెసేజ్ పెడితే చదువుతుంది, జవాబివ్వదు.

ఇక్కడ ఇంటర్నేషనల్ సిటీ అనే పేటలో మా గదికి ముగ్గురం. ఒకమ్మాయి దొరికిన మొదటి విమానానికి ఇంటికి వెళ్ళిపోయింది, ఇంకొకామె అబుదాబీకి మారింది. మిగిలిన రెండు మంచాల మీద నా బట్టలు పరుచుకున్నాను. ఒంటరితనం అని పెద్ద మాట ఎందుకు గానీ, సెలవురోజు సాయంత్రం నోరు తెరిస్తే గొంతు బొంగురుగా వచ్చేది.

మరుసటి ఏడు చలికాలంలో ఒకరోజు కింద గ్రోసరీలో ఉల్లిపాయలు ఏరుకుంటుంటే బుట్ట అడుగున ఎర్రటి పొట్టు కనబడింది. సంచిలోకి ఎత్తుకుంటుంటే కొట్టు మలయాళీ, మీ వైపు ఇది కూడా వండుతారా అని హిందీలో అడిగాడు. వండుతామన్నాను. నా లెక్క నాకుంది. క్షమాపణకు పలకని మనిషి రంగు చూస్తే పలుకుతుంది. నూలు విషయంలో అక్క నోరు మూసుకుని ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

తెల్ల నూలు ఒక చిలప కొన్నాను. నూలుకు రంగు పట్టించే కరక్కాయ పొడి, పటిక ఆయుర్వేదం కొట్లో దొరికాయి. కుక్కర్లో పొట్టు ఉడికించి నూలు ముంచాను. పిండే వేళకు గాని గుర్తురాలేదు, గదిలో రెండో మనిషి లేదని. ఒక కొస తలుపు పిడికి తగిలించి, రెండో కొసలో అప్పడాల కర్ర దూర్చి తిప్పాను. బాల్కనీలో ఆరేస్తే బిల్డింగ్ వాళ్ళు ఊరుకోరు కనుక బాత్రూంలో ఆరేశాను. తెల్లారేసరికి అచ్చం నాన్న రంగు, ఇటుక కలిసిన పసుపు. గర్వంతో ఫోటో తీసి, ఒక్క మాట కూడా రాయకుండా అక్కకు పంపాను.

డ్యూటీలో సందు దొరికినప్పుడల్లా ఫోను చూశాను. సాయంత్రం బస్సులో ఉండగా వాయిస్ మెసేజ్ వచ్చింది. ఏడాదిన్నర తర్వాత అక్క గొంతు.

"ఆ కొస ఎవరు పట్టుకున్నారే నీకు?"

ఫోటో పెద్దది చేసి చూశాను. ఒక పక్క బెత్తెడు మేర ముదురు మరక. పొద్దున నీడ అనుకున్నాను. పిడికి ఆనిన చోట నూలు పిండుడు పడక, రంగు అక్కడే నిలిచి ఎండిపోయింది. నా కొసను అలవాటు కొద్దీ జరుపుతూనే ఉన్నాను. ఆ కొసను జరపడం ఎప్పుడూ అక్క పని. అలాంటి పని ఒకటుందనే నాకు తట్టలేదు. బస్సులో జనం చూస్తున్నా ఏడుపు ఆగలేదు.

"ఎవరూ లేరక్కా. తలుపుకి తగిలించా," అని పంపాను.

గదికి చేరేసరికి ఆవిడే ఫోన్ చేసింది. ఎలా ఉన్నావని అడగలేదు, నాన్న మాట ఎత్తలేదు. రంగునీళ్ళు పారబోశావా అంది. లేదన్నాను. అయితే వేడిచేసి మళ్ళీ ముంచమంది. ఫోను స్పీకర్లో పెట్టి మంచం మీద ఉంచాను. ముంచి తీసి, తలుపుకు తగిలించి, మెలితిప్పాను.

"జరుపు," అంది అక్క.

నా కొస జరిపాను. మెలి వదులు చేసి, తలుపు దాకా నడిచి ఆవిడ కొసా జరిపాను. వెనక్కి వచ్చేదాకా ఆవిడ ఆగింది.

"ఊఁ, తిప్పు."