అక్కకు దొరకని ‘మనం’

మా బావ నవలలు రాస్తాడు. అన్నింట్లోనూ హీరో భాషాశాస్త్రవేత్తే. పొద్దున్నే అంతరిక్షనౌక దిగుతాడు, మధ్యాహ్నానికల్లా ఎనిమిది కాళ్ళ జీవుల వ్యాకరణం పట్టేస్తాడు, సాయంత్రం వాళ్ళ రాణితో సరసాలాడి భూమిని గట్టెక్కిస్తాడు. పాఠకుల చెవిలో పువ్వులు పెట్టడంలో మా బావను మించినవాడు లేడు.

అసలు భాషాశాస్త్రవేత్త ఆయన భార్య, అంటే మా అక్క. పందొమ్మిదేళ్ళుగా ప్రతి మంగళవారం రెండు బస్సులు మారి, కుట్టుమిషన్ల కొట్టు పైగదిలో ఉండే ఒక ముసలావిడ దగ్గరికి వెళ్ళేది. ఆవిడ భాష తెలిసిన మనిషి ఇక ఆవిడ ఒక్కతే. కింది మిషన్ల రొదకి రికార్డింగులు సగం పాడయ్యేవి. మిగతా సగం అట్టముక్కల మీదికెక్కి, చెప్పుల పెట్టెల్లో మంచం కిందికి చేరేవి. “ఈ చెత్త ఎప్పుడు తీస్తావే?” అనేవాడు బావ, అదే మంచం మీద కాళ్ళు బారచాపి.

ఆ భాషకి అక్క రాస్తున్న నిఘంటువులో ఒక్క మాట మిగిలిపోయింది. మనకున్నట్టే ఆ భాషలోనూ ఎదుటివాళ్ళను వదిలేసే ‘మేము’ ఒకటి, కలుపుకునే ‘మనం’ ఒకటి. ‘మేము’ ఎప్పుడో దొరికింది. ‘మనం’ అడిగితే ముసలావిడ మొహం తిప్పుకునేది.

“అది ఊరికే చెప్పే మాట కాదమ్మా. మనవాళ్ళతో అనేది. వాళ్ళంతా పోయారు. ఎవరితో అనను?”

ఆవిడకి ఎనభై ఆరేళ్ళు. నాలుగు మాటలకే ఆయాసం వచ్చేది. ఆ మాట ఆవిడతోనే పోతుందని అక్క నా దగ్గర కూర్చుని ఏడ్చింది.

కొత్త నవలకు సరుకు కావాలని ఒక మంగళవారం బావ కూడా బయల్దేరాడు. నేనూ వెళ్ళాను. బస్సులో అక్క చేతిలోని అట్టముక్క ఒకటి లాక్కుని ఒక వాక్యం బట్టీపట్టాడు. దాని అడుగున అర్థం రాసే ఉంది, చదివే ఓపికేదీ? గదిలో కాలు పెడుతూనే గుండెల మీద చెయ్యి వేసుకుని, తన హీరోలాగే, ఆ వాక్యం గొంతు చించుకుని అరిచాడు. “మేము స్నేహితులం” అని. అంటే, మాలో మేము స్నేహితులం, నువ్వు కాదు అని.

ముసలావిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. అక్క చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది. నెమ్మదిగా ఏదో అంది. అక్క కలం ఆగిపోయింది.

“ఇంకోసారి అనండమ్మా,” అంది అక్క, కళ్ళు తుడుచుకుంటూ. ఆవిడ మళ్ళీ అంది.

“ఏమంది, ఏమంది?” అన్నాడు బావ.

“మనం అనే మాట చెప్పిందండీ.”

“చూశావా! పందొమ్మిదేళ్ళు నీకు చేతకానిది నేను నిమిషంలో తేల్చేశాను. ఆ వాక్యం రాసివ్వు, పుస్తకం మొదట్లో వేస్తాను.”

అర్థం అడగలేదు. అక్క గుండ్రటి అక్షరాలతో, ఒక్క తప్పు లేకుండా రాసిచ్చింది.

రెండు నెలలకి ముసలావిడ పోయింది. తర్వాత నవల వచ్చింది. మొదటి పేజీలో ఆవిడ వాక్యం, దాని కింద చిరునవ్వుతో మా బావ ఫోటో. ఆ వాక్యం అర్థం ఇప్పుడు అక్కకి, నాకు మాత్రమే తెలుసు.

“తల్లీ, వీడు మనవాడు కాడు.”