అటువైపు వాన

అరకులో రైలెక్కి కూర్చోగానే ల్యాప్‌టాప్ తెరిచాను. హైదరాబాదులో మా ఆఫీసు కంప్యూటర్ ఒకటి మొరాయించింది, దాన్ని ఇక్కణ్ణుంచే బాగుచేయాలి. నల్లటి తెర మీద అక్షరాలు కొడుతుంటే, ముక్కుకు మూడు పోగులున్న పెద్దావిడ పక్క సీటులోంచి వంగి చూసింది.

"ఏటి సేత్తన్నావు బాబూ?"

"హైదరాబాదులో ఉన్న కంప్యూటర్‌లోకి వెళ్లి పనిచేస్తున్నానమ్మా."

"ఇక్కడ కూకునే?"

తలూపాను. ఆవిడ కిటికీలోంచి వెనక్కి పోతున్న కొండల్ని చూపించింది. "అయితే బేగి మా ఇంటికెల్లి సూడు. వాకిట్లో కాఫీ పళ్లు ఎండబోసి వచ్చీసినాను. పక్కింటోలకి సెప్పినాను గానీ, వాన పడతందేటో!"

"అలా కుదరదమ్మా. అక్కడా ఒక కంప్యూటర్ ఉండాలి. అది మనల్ని గుర్తుపట్టి లోపలికి రానివ్వాలి."

"కుక్కుంది. నన్ను గుర్తుపడతాది."

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. "మా ముసిలోడు పోయినాక, గుమ్మంలో నాకోసం సూసేది అదొక్కటే," అంది.

ఇంతలో సొరంగం వచ్చింది. సిగ్నల్ పోయి తెర కదలడం మానేసింది.

"తలుపేసీసినారా?" అంది చీకట్లో.

"మళ్లీ తీస్తారమ్మా."

వెలుతురులోకి వచ్చాక కనెక్షన్ కలిసింది. చెబుదామని తిరిగితే, ఆవిడ తెర వైపు చూడటం లేదు. కిటికీ ఊచ పట్టుకుని మబ్బులు చూస్తోంది.

ఇప్పటికీ ఎక్కడో దూరాన ఒక కంప్యూటర్ నన్ను గుర్తుపట్టి లోపలికి రానిచ్చినప్పుడల్లా, పని మొదలుపెట్టకుండా కాసేపు ఊరికే కూర్చుంటాను. అక్కడ వాన పడుతోందో లేదో అది చెప్పదు.